పడవ గట్టు తగిలాక

కేలాంగ్, హిమాచల్ ప్రదేశ్
4 ఆగస్టు 2024

మామయ్యా,

నీ మేనకోడలు సాయిదుర్గ రాస్తున్నాను. చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరమేంటని నవ్వకు. రేపటి నుంచి మేం డేరాలు వేసుకునే లోయలో ఫోను పలకదు. సామాను మోసే గుర్రాలతను వారానికోసారి కేలాంగ్ వచ్చి బియ్యం, కిరోసిన్ తీసుకెళ్తాడు. నా ఉత్తరాలు అతనే పోస్టులో వేస్తాడు, నీవి అతనే తెచ్చి ఇస్తాడు. అడ్రసు కింద రాశాను. చొక్కా జేబులో పెట్టుకుని గోదాట్లో దూకేయకు.

మామయ్యా, దొరికింది! రెండేళ్ళ నుంచి వెతుకుతున్న కొండ ముఖం దొరికింది!

కొండ పేరు సెర్‌లుంగ్. ఆరు వేల మీటర్ల పైమాటే. దక్షిణం వైపు నుంచి ఒక దారి ఉంది, మంచు మీద నడుచుకుంటూ పోవడమే. వేసవిలో అన్నవరం మెట్ల మీద జనంలాగా బారులు తీరి ఎక్కుతారు. ట్రైనింగ్ స్కూలు పిల్లల్ని నేనూ ఆ దారినే తీసుకెళ్ళాను. పైనుంచి తొంగి చూస్తే అవతల ఉత్తరం వైపు ఇంకో లోకం. నిట్టనిలువు నల్లరాతి గోడ, దాన్ని చీల్చుకుంటూ మంచు పేరుకున్న ఐదు సన్నటి దారులు. అటు ఎవరూ వెళ్ళరు. పర్వతారోహణ పుస్తకంలో దాని గురించి ఒక్కటే ముక్క రాశారు: ‘ఉత్తర ముఖం వివరాలు తెలియవు’ అని. ఆ ముక్క చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

తోడు అంగ్మో వస్తోంది. స్పితి లోయ పిల్ల, మనాలి స్కూల్లో నాతోపాటే పాఠాలు చెబుతుంది. నాకన్నా పొట్టి, నాకన్నా గట్టి. నేను ఎక్కుతుంటే తాడు తను పడుతుంది, తను ఎక్కుతుంటే నేను పడతాను. ఇద్దరం ఒకే తాడుకి రెండు కొసలం. మిగతాదంతా బూట్ల కింద తొడుక్కునే ఇనప పళ్ళు, చెరో రెండు మంచుగొడ్డళ్ళు, బోలెడంత ఆశ.

నేను మొదటిసారి కొండెక్కుతానన్నప్పుడు నాన్న సామర్లకోట ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాడు, అమ్మ అన్నం మానేసింది. నువ్వొక్కడివే కోటిపల్లి నుంచి పరిగెత్తుకొచ్చి, “ఈత వచ్చిన పిల్లని నీళ్ళకి దూరంగా కట్టేత్తారేంటి? ఎల్లనివ్వండి” అన్నావు. అందుకే మొదటి ఉత్తరం నీకు. అమ్మకి రెండోది.

ఒక చిన్న పని చెయ్యి. ఆత్రేయపురం పూతరేకులు పంపు. బరువు ఉండవు, నెయ్యీ బెల్లమూ ఉంటాయి. గోడ మధ్యలో కూర్చుని తింటాను.

నువ్వు అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబు రాయడానికి కొత్త పెన్ను కొన్నాను. వరసబెట్టి అడుగు.

నీ
సాయి


కోటిపల్లి
15 ఆగస్టు 2024

అమ్మాయ్ సాయీ,

ఉత్తరం అందింది. నీ అక్షరాలు ఇంకా కోడి గీకినట్టే ఉన్నాయి. ఏడో క్లాసుతో ఆపేసినవాణ్ణి, నా దస్తూరీ చూసి నేర్చుకో.

ఇక్కడ గోదారి ఎర్రబడింది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఎగరేశారు. పంటు ఆపేశారు, అవతలి గట్టుకి వెళ్ళాల్సిన వాళ్ళంతా రేవులో కూర్చుని నన్ను తిడుతున్నారు, వరద నేనే తెచ్చినట్టు. మొన్న వలలో పులస పడింది. అమ్మితే మంచి ధర పలికేది. మీ అత్త సంగతి నీకు తెలుసు కదా, కొంగులో దాచుకున్నట్టు దాచేసింది. బెండకాయలు వేసి పులుసు పెట్టి, మర్నాటి దాకా గిన్నె మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. “సాయి లేకుండా తినడం ఏంటండీ” అని ఒక చుక్క కన్నీళ్ళు పెట్టుకుని, తల ముక్క తనే తిన్నది.

మన త్రిమూర్తులు పడవ ఆదివారం పొద్దు వాలినా రాలేదు. ఇంజను చెడిందో, పాయలో ఎక్కడైనా చిక్కుకుందో తెలీదు. రేవులో జనమంతా నిలబడ్డాం. ఒక్కడూ నోరెత్తలేదు. వాడి పెళ్ళాం కూడా పలకలేదు, తాటిదుంగ మీద కూర్చుని నీళ్ళవైపు చూస్తూనే ఉంది. చీకటి పడేముందు వచ్చాడు. పడవ ముక్కు గట్టుకి తగలగానే “గట్టు తగిలాం!” అని వాడు అరిచాడో లేదో, ఇక చూడు. “ఎందాకా ఎల్లావురా? ఇంజనుకి ఏమైందిరా? ఏం పడ్డాయిరా?” అని అందరూ ఒకేసారి మీద పడ్డారు. వాడు ఏడుస్తూ నవ్వాడు.

పూతరేకులు నిన్ననే ఆత్రేయపురం వెళ్ళి, చుడుతుంటే ఎదురుగా కూర్చుని కట్టించుకుని పార్సిలు చేశాను. కాస్త ఎండురొయ్యల పొడి కూడా పెట్టింది మీ అత్త. అది తెరిచినప్పుడు అంగ్మో పక్కన లేకుండా చూసుకో.

అప్పాజీ కొడుక్కి పెళ్ళి కుదిరింది. పిల్లది అమలాపురం. నీకు చెప్పమన్నాడు, చెప్పాను.

రాయడానికి ఇంకేం లేదు. వేళకి తిను. క్షేమంగా తిరిగి రా.

మీ మామయ్య
పల్లంరాజు


సెర్‌లుంగ్ కింద, మా డేరా
26 ఆగస్టు 2024

మామయ్యా,

నా ఉత్తరం చదివావా, పులస తలకాయ చుట్టడానికి వాడావా? కొండ గురించి అంత రాస్తే ఒక్క ముక్కకైనా బదులు లేదు! త్రిమూర్తులు మామ ఎక్కడికెళ్ళాడో రేవు రేవంతా అడిగింది కానీ, నేనెక్కడికి వెళ్తున్నానో నువ్వు అడగలేదు. సరే, పులస మత్తులో ఉన్నావని క్షమించేశాను.

ఇప్పుడు గట్టిగా కూర్చుని చదువు. మేం గోడ ఎక్కాం! మొత్తం కాదు, సగానికి కాస్త ఇటు.

ఐదు దారుల్లో ఏది పైదాకా వెళ్తుందో కింద నుంచి చూస్తే తెలీదు. బైనాక్యులర్స్ పెట్టుకుని రోజుల తరబడి చూశాం. ఎడమవైపు మొదటిది పైన గోడకి తగిలి ఆగిపోతుంది. రెండు, మూడు చూడ్డానికి రాజమార్గాల్లా ఉంటాయి, ఎండ తగిలిందంటే చాలు, రాళ్ళు వడగళ్ళలా కురుస్తాయి. నాలుగోదాంట్లో ఉన్నది గట్టి మంచు కాదు, రాతికి అంటుకున్న పల్చటి పెంకు. ఇక ఐదోది అసలు కనబడనే కనబడదు. ముందు ఒక రాతి పలక అడ్డం నిలబడి దాన్ని దాచేసింది. పక్కకి చాలా దూరం నడిచి వెళ్ళి చూస్తే తప్ప అక్కడ దారి ఉందని తెలీదు. అంగ్మోయే మొదట చూసింది. ఇద్దరం మంచులో కూలబడి వెర్రివాళ్ళలా ఒకరిని చూసి ఒకరం నవ్వుకున్నాం.

తెల్లవారకముందే బయల్దేరి ఆ ఐదోదాంట్లో దూరాం. మామయ్యా, అందులో మంచు ఎలా ఉందనుకున్నావు! గొడ్డలి వేస్తే టక్కున దిగి పట్టుకుంటుంది. బూటు కొసన ఉన్న రెండు పళ్ళ మీద నిలబడితే పిక్కలు మండిపోతాయి, మనసు మాత్రం ఎగురుతుంటుంది. రెండు పక్కలా రాయి, మధ్యలో మేం, పైన సన్నటి నీలం గీత. ఇక్కడికి మనిషన్నవాడు వచ్చి ఉండడని అంగ్మోకి అరిచి చెప్పాను. చెప్పి, చెయ్యి పైకి వేశానో లేదో రాతి పగులులో ఒక మేకు!

తుప్పు పట్టిన పాత ఇనప మేకు. దానికి చివికిపోయిన తాడు ముక్క. ఎవరో, ఎప్పుడో, మాకన్నా ముందు అక్కడ నిలబడ్డారు. ముందు నాకు ఏడుపొచ్చినంత పనైంది. తర్వాత ఆ మేకు మీద చెయ్యి వేస్తే, ఎవరో మనిషి చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది. దాని పైన ఎంత వెతికినా ఇంకో మేకు లేదు. వాళ్ళు అక్కడి నుంచే వెనక్కి తిరిగారు. అంటే ఆ మేకు పైన ఉన్నది ఇంకా ఎవరిదీ కాదు!

అంతలో మబ్బు పట్టింది. మంచు పడడం మొదలైంది. ఇద్దరం తాడు మీద దిగిపోయాం. అంగ్మో మళ్ళీ వెళ్దామంది. వెళ్ళకుండా ఎలా ఉంటాను?

గోడ బొమ్మ పెన్సిలుతో వేసి పంపుతున్నాను. మంచు దారులు మాత్రమే గీశాను. పేర్లేమీ రాయలేదు, ఇంకా లేవు కనక. పైదాకా మొదట వెళ్ళినవాళ్ళే దారికి పేరు పెట్టాలని మా వాళ్ళ పద్ధతి. చూసి ఏమనిపించిందో రాయి.

పూతరేకులు వచ్చాయి. దారిలో గుర్రం వాటి మీద కూర్చుందో ఏమో, పొడి పొడి అయిపోయాయి. చెంచాతో తింటున్నాం. అంగ్మోకి రొయ్యల పొడి నచ్చింది, ముక్కు మూసుకోవలసింది నేనే అయింది.

నీ
సాయి


కోటిపల్లి
4 సెప్టెంబరు 2024

అమ్మాయ్ సాయీ,

నీ బొమ్మ అందింది. చాలా బాగుంది. ముందు గదిలో గోడకి తగిలించాను. పైనుంచి ఒక్కటిగా వచ్చి కిందకి ఐదు పాయలైన గోదారి ఎంత చక్కగా వేశావే! మీ అత్త రత్తమ్మ వేలు పెట్టి, ఇది గౌతమి, ఇది వశిష్ఠ అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తోంది.

వరద తీసింది. రేవులో అంతా ఒండ్రు. నిన్న మీ అమ్మని చూడ్డానికి సామర్లకోట వెళ్ళాను, నాలుగు చేపలు ఇచ్చి వచ్చాను. మీ నాన్న బాగున్నాడు. ఫ్యాక్టరీ లెక్కలు తప్ప వేరే ప్రపంచం లేదు ఆ మనిషికి. భీమేశ్వరుడి గుళ్ళో నీ పేరున అర్చన చేయించాను.

అప్పాజీ కొడుకు పెళ్ళి అయిపోయింది. భోజనాలు బాగున్నాయి. వంకాయ కూర కాస్త చేదొచ్చింది. పెళ్ళికూతురు పొడుగ్గా ఉంది.

మన కుక్క పిల్లల్ని పెట్టింది. ఒకదానికి తోక లేదు.

ఇంకేం సంగతులు లేవు. చలికి చెవులు కప్పుకో. క్షేమంగా తిరిగి రా.

మీ మామయ్య
పల్లంరాజు


సెర్‌లుంగ్ కింద
12 సెప్టెంబరు 2024

మామయ్యా,

నీ ఉత్తరం ఈ పొద్దున వచ్చింది. కోపంగానే రాస్తున్నాను, ముందే చెబుతున్నా.

అది గోదారి కాదు. నువ్వు తగిలించింది తలకిందులుగా. ఐదూ పైన ఉండాలి, కింద కలవాలి. నా ప్రాణం పెట్టి వేసిన బొమ్మ ఏ వైపు పైకో కూడా చూడలేదు నువ్వు. గోడ గురించి, మేకు గురించి, మబ్బు గురించి అన్ని పేజీలు రాస్తే, నాకు తోక లేని కుక్కపిల్ల కబురు పంపావు!

నాకు తెలుసులే. అప్పాజీ కొడుకు సంబంధం నేను కాదన్నానని నీకు మనసులో ఉంది. అందుకే రెండు ఉత్తరాల్లోనూ అదే ఎత్తి చూపించావు. పెళ్ళికూతురు పొడుగ్గా ఉందట. ఉండనీ. ఇప్పుడు అమ్మ కూడా అడగడం మానేసింది. వారానికి నాలుగు పేజీల ప్రశ్నలు రాసే అమ్మ, నువ్వు సామర్లకోట వెళ్ళొచ్చాక ‘తిను, నిద్రపో’ అని కార్డు ముక్క రాసి ఊరుకుంది. ఏం చెప్పొచ్చావో నువ్వు.

ఎక్కడికి, ఎందుకు అని నన్ను అడిగేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు మామయ్యా. బస్సులో పక్క సీటువాళ్ళు అడుగుతారు, పోలీసులు అడుగుతారు, చెల్లెలి అత్తగారు అడుగుతారు. అడగాల్సిన మనిషి మాత్రం అడగలేదు. ఆ రోజు సామర్లకోట గుమ్మంలో నిలబడి వెళ్ళనివ్వండి అన్న మనిషి ఎటు పోయాడు?

వాన తెరిపి ఇచ్చింది. చలికాలం మంచు మొదలయ్యేలోపు ఇంకొక్క ఛాన్సు ఉంది. నోర్బు, అదే మా వంటమనిషి, నాలుగు రోజులు ఎండ ఉంటుందంటున్నాడు. రేపో ఎల్లుండో బయల్దేరతాం. మనసు కుదురుగా లేకపోతే పట్టు కుదరదని పిల్లలకి పాఠం చెప్పేది నేనే. నా మనసే ఇలా ఉంది. నీ ఉత్తరం ఇంకోటి రావడానికి వ్యవధి లేదు. అయినా రాస్తున్నా, ఒక్కసారి అడుగు. ఎక్కడికెళ్తున్నావే అని ఒక్క ముక్క అడుగు, చాలు.

సాయి


కేలాంగ్
22 సెప్టెంబరు 2024

మామయ్యా,

గట్టు తగిలాను!

తగిలాను మామయ్యా, మామయ్యా, మామయ్యా! పైదాకా వెళ్ళాం! ఐదో దారిలోంచి, మేకు దాటి, శిఖరం దాకా! క్షేమంగా దిగాం. చేతివేళ్ళు పదీ ఉన్నాయి. ముక్కు మీద తోలు ఊడింది, అది మళ్ళీ వస్తుంది.

ఇక్కడ ఫోను పలుకుతోంది. అమ్మకి క్షేమమని మెసేజ్ పెట్టాను. నీకు మాత్రం ఫోను చెయ్యను. ఎందుకో చెప్తాను విను.

బయల్దేరే పొద్దున ఇంకా చుక్కలున్నాయి. సంచి వీపున వేసుకున్నాను, తాడు భుజాన వేసుకున్నాను, డేరా దాటి రెండడుగులు వేశాను. నోర్బు టీ గిన్నె పట్టుకుని బయటికొచ్చి, “ఎందాకా దీదీ?” అన్నాడు. పాపం, ప్రేమగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడు సంచి దించేశాను. దాని మీద కూర్చుని సీసా తీసి మంచినీళ్ళు తాగాను. అంగ్మో కంగారుపడి ఒంట్లో బాగోలేదా అంది. “బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదు. అడిగితే కాసేపు కూర్చుని నీళ్ళు తాగి మళ్ళీ లేవాలి. మా ఊళ్ళో అంతే” అన్నాను.

ఆ మాట అంటూ అంటూ ఆగిపోయాను. సీసా చేతిలోనే ఉంది.

మామయ్యా, నేను మొద్దుని. ఒట్టి మొద్దుని! చిన్నప్పుడు నువ్వు వల భుజాన వేసుకుని రేవుకి వెళ్తుంటే ‘ఎక్కడికి మామయ్యా’ అని నేను అడగబోతే అత్త వచ్చి నా నోరు మూసేది కదా. నువ్వు తిరిగొచ్చి గట్టు తగిలాను అన్నాక, అప్పుడు నన్ను వదిలేది. నేను నీ పడవలోకి దూకి, ఎక్కడికెళ్ళావు, ఎంత దూరం వెళ్ళావు, మొసలి కనబడిందా అని నీ చెవులు కొరికేసేదాన్ని. రేవు దగ్గర అడగకూడదని నాకు తెలుసు. ఉత్తరాల్లో కూడా అడగవని నాకెలా తెలుస్తుంది! నేను నెలన్నర క్రితం గుమ్మం దాటాననీ, ఇంకా దార్లోనే ఉన్నాననీ, నీ లెక్కలో నా పడవ ఇంకా నీళ్ళ మీదే ఉందనీ నాకు తట్టనే లేదు. త్రిమూర్తులు మామ పడవ వచ్చేదాకా రేవంతా నోరు కట్టుకుందని నువ్వు రాస్తే కూడా తట్టలేదు.

నోర్బుని పిలిచి అతని టీ తాగాను. లేచాను. ఇక చూడు, కాళ్ళకి రెక్కలొచ్చాయి!

ఎండ శిఖరం అంచుని ముట్టుకునేసరికి పాత మేకు దగ్గరికి చేరాం. దాన్ని పట్టుకుని దండం పెట్టాను. దాని పైన మంచు అయిపోయి రాయి వచ్చింది, నిలువునా ఒక పగులు. చేతి తొడుగులు తీసేసి పిడికిలి అందులో దూర్చి బిగించాను. పిడికిలే మేకు, పిడికిలే కొక్కెం. ఒకటి బిగించి, ఇంకోటి విడిపించి, మెల్లగా పైకి. మధ్యలో ఒక చోట కాలు పెట్టడానికి ఏమీ లేదు. కింద చూస్తే మా డేరా పసుపు చుక్క. ఎప్పుడూ అలాంటి చోట నాకు దిగిపోదామనిపిస్తుంది. ఆ రోజు నవ్వొచ్చింది. ఏదో ఒక గట్టున ఒక మనిషి తాటిదుంగ మీద కూర్చుని నోరు బిగబట్టుకుని ఉన్నాడని తెలిస్తే, పిడికిలి దానంతటదే బిగుసుకుంటుంది.

దాని పైన పల్చటి మంచు పొర. గొడ్డలితో తడితే బోలు చప్పుడు. అది అంగ్మో ఎక్కింది. ఎలుకపిల్లలా చప్పుడు లేకుండా ఎక్కింది. నేను కింద తాడు గుప్పెడు గుప్పెడుగా వదిలాను. పైన తను అరిచిన అరుపుకి ఎక్కడో మంచు జారింది. చీకటి పడేసరికి మా ఇద్దరికీ సరిపడా రాతి గూడు దొరికింది. కాళ్ళు గాల్లోకి వేలాడేసి, ఒకే దుప్పటి సంచిలో దూరి, నీ పూతరేకుల పొడి చెంచాతో తిన్నాం. అన్నట్టు మాట తప్పలేదు, గోడ మధ్యలో కూర్చునే తిన్నాను.

మర్నాడు పైన మిగిలింది సన్నటి మంచు అంచు. మన వరిచేల గట్టంత వెడల్పు. అటు లోయ, ఇటు లోయ. గట్ల మీద పరిగెత్తి పెరిగినదాన్ని, నాకు అదొక లెక్కా? అంగ్మో ముందు వెళ్ళమంది, నేను తనని ముందు వెళ్ళమన్నాను. చివరికి ఇద్దరం పక్కపక్కన నడవడానికి చోటు లేక, అంచుకి అటొకరం ఇటొకరం పాక్కుంటూ ఒకేసారి చేరాం. పైన నిలబడి ఏం చేశామో చెప్తే నవ్వుతావు. అరవలేదు, జెండా ఎగరెయ్యలేదు. ఒకరినొకరు పట్టుకుని ముక్కులు చీదుకున్నాం. దిగేటప్పుడు అన్నవరం మెట్ల మీదుగానే, అదే, దక్షిణం దారిలోనే దిగాం, ఏమాత్రం సిగ్గు లేకుండా.

దారికి పేరు నన్ను పెట్టమంది అంగ్మో. ‘ఐదో పాయ’ అని పెట్టాను. మా వాళ్ళ పత్రికకి అలాగే రాసి పంపుతున్నాను. నువ్వు బొమ్మ తలకిందులుగా చూడకపోతే ఆ పేరు నాకు తట్టేది కాదు. కిందటి ఉత్తరంలో తిట్టినవన్నీ నీళ్ళలో వదిలెయ్యి.

నెలాఖరు నుంచి మనాలి స్కూల్లో ఉంటాను, అక్కడికే రాయి. నీకు ఫోను ఎందుకు చెయ్యలేదంటే, ఫోనులో అడిగితే గాలికి పోతుంది. కాగితం మీద అడుగు మామయ్యా. దాచుకుంటాను.

నీ
మొద్దు సాయి


కోటిపల్లి
1 అక్టోబరు 2024

ఒసేయ్ సాయీ,

నువ్వు తిట్టిన ఉత్తరం ముందొచ్చింది. రేవులో తాటిదుంగ మీద కూర్చుని చదివాను. చదివి, కాగితం పెన్ను తెచ్చుకుని ‘అమ్మాయ్ సాయీ, ఎక్క’ దాకా రాశాను. అక్కడే ఆపేశాను. చింపి గోదాట్లో వేశాను. మళ్ళీ రాశాను, మళ్ళీ చింపాను. రత్తమ్మ చూసి, “అక్కడ పిల్ల ఏడుత్తా ఉంటే మీ పట్టింపు మీదేనా? ఒక్క మాట అడిగితే ఏం పోద్ది?” అంది. “ఏం పోద్దో తెలిత్తే అడిగేవోణ్ణే” అన్నాను. వచ్చి పక్కన కూర్చుంది.

అడిగితే కీడు అన్నది నిజమో కాదో నాకు తెలీదే. మా నాన్న అడగనిచ్చేవాడు కాదు, నేను అడగలేదు. ఎప్పుడైనా ఎవడినైనా అడిగి చూసుంటే తేలిపోయేది. నిన్ను పెట్టి తేల్చుకోలేను కదా.

సామర్లకోట వెళ్ళింది చేపలివ్వడానికి కాదు. మీ అమ్మ నీకు వారం వారం ప్రశ్నలు రాస్తోందని విని పరిగెత్తాను. టౌనుకెళ్ళి రేవు పద్ధతులు మర్చిపోయింది మా చెల్లెలు. దాని వంటింట్లో కూర్చుని, “పిల్ల గట్టు తగిలేదాకా ఎక్కడ, ఎందుకు అన్నావో, ఈ గుమ్మం తొక్కను” అన్నాను. నాతో పోట్లాడింది, ఏడ్చింది, చివరికి ఒప్పుకుంది.

అప్పాజీ కొడుకు సంబంధం నువ్వు కాదన్నందుకు నాకేం కోపమే? వాడికి పడవ తుడవడం కూడా రాదు. కొండ ముచ్చట ఎత్తకుండా ఉత్తరం నింపాలంటే ఇంకేం రాయను? అందుకే వంకాయ కూర, కుక్క తోక. నువ్వు ఇంకో నెల అక్కడే ఉంటే, మన ఇంటి పెంకులు ఎన్నో కూడా రాసేవాణ్ణి.

ఇక బొమ్మ సంగతి. నేను ఏడో క్లాసే కావచ్చు, శిఖరం ఎటుంటుందో తెలియదనుకున్నావా? నేనే కావాలని తలకిందులుగా తగిలించాను. నిటారుగా పెడితే, వచ్చినవాడల్లా ఇదేం కొండ, మీ మేనకోడలు ఎక్కడికెళ్ళిందేంటి అని అడగడూ? ఒకరు కాకపోతే ఒకరు నోరు జారతారు. అదే గోదారి అంటే ఎవడూ ఏమీ అడగడు. రోజూ చూసే గోదారే కదా! మీ అత్తకి గౌతమి, వశిష్ఠ అని చెప్పమని నేర్పింది కూడా నేనే. అందరూ వెళ్ళిపోయాక కుర్చీలో కూర్చుని మెడ వంచి, ఆ ఐదు గీతలూ కింద నుంచి పైకి చూసేవాణ్ణి. మెడ ఇంకా నొప్పిగానే ఉంది, అమృతాంజనం రాస్తోంది మీ అత్త.

నువ్వు క్షేమమని మీ అమ్మ ముందే చెప్పింది, అయినా గట్టు తగిలానని నువ్వే అనాలి కదా. నీ ఉత్తరం పైన ‘గట్టు తగిలాను’ చూసి, మిగతాది చదవకుండానే లేచి రేవంతా వినబడేలా అరిచాను. త్రిమూర్తులు పడవలోంచి దూకి వచ్చాడు. మీ అమ్మకి ఫోను చేశాను, ఇద్దరం ఏం మాట్లాడుకున్నామో ఇద్దరికీ తెలీదు. రత్తమ్మ ఉత్తరం నాకన్నా ముందు లాక్కుని చదివేసింది.

బొమ్మ తిప్పి పెట్టాను. శిఖరం పైకే ఉంది. ఇప్పుడు ముందు గది నిండా జనం, అందరూ అడుగుతున్నారు, నేను ఎవరికీ చెప్పడం లేదు. ముందు నేను అడగాలి కదా. ఆ మేకు కొట్టినవాళ్ళు ఎవరే? పిడికిలి దూర్చినప్పుడు నొప్పెట్టలేదా? ఆ పల్చటి మంచు మీద అంగ్మో జారి ఉంటే ఏం చేసేదానివి? గాల్లో కాళ్ళు వేలాడేసి కూర్చుంటే నీకు నిద్ర ఎలా పట్టిందే? పైన నిలబడితే ఏం కనబడింది? గాలి ఎటు నుంచి కొట్టింది? చలికి చెవులు కప్పుకున్నావా?

నువ్వు రాసిందంతా చదివాను. అది లెక్కలోకి రాదు, అప్పుడు నేను అడగలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పు. ఎక్కడికెళ్ళావే?

మీ మామయ్య
పల్లంరాజు